పిల్లలకి హ్యామ్ రేడియో లైసెన్స్ ఇప్పించొచ్చా? బెజవాడ, గుంటూరు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

సత్యనారాయణపురంలో మా డాబా మీద ఆదివారం పొద్దున పూట కొంతమంది పిల్లలు చేరతారు. రేడియో వింటారు, వైర్లు కడతారు, చుక్కలు గీతల శబ్దాలతో మాట పంపే మోర్స్ కోడ్ కొడతారు. వాళ్ళని దింపడానికి వచ్చిన పెద్దవాళ్ళు మెట్ల దగ్గర నిలబడి నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే ఉంటాయి, ప్రతివారం మళ్ళీ మళ్ళీ చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామనిపించింది. నేను లైసెన్స్ ఉన్న హ్యామ్‌నే గానీ ప్రభుత్వం తరఫు మనిషిని కాదు, కాబట్టి రూల్స్ గురించి రాసినవి రూల్స్‌గా చదవండి, అభిప్రాయాలు నావిగా చదవండి.

అసలు హ్యామ్ రేడియో అంటే ఏంటండి? ఎఫ్ఎం లాంటిదా?

కాదండి. ఎఫ్ఎంలో ఒకళ్ళు మాట్లాడితే ఊరంతా వింటుంది. మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 నుంచి ఉంది, మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద అమ్మమ్మలు తాతయ్యలు పొద్దున్నే పెట్టుకునేవాళ్ళు కదా, అది ప్రసారం. హ్యామ్ అంటే ఇద్దరు మనుషులు సొంత సెట్లతో, సొంత యాంటెన్నాలతో, మధ్యలో ఏ కంపెనీ లేకుండా నేరుగా మాట్లాడుకోవడం. ఇంటర్నెట్ ఉండదు, సిమ్ ఉండదు, నెలనెలా రీఛార్జ్ ఉండదు. దీనికోసం ప్రపంచమంతా కొన్ని ఫ్రీక్వెన్సీలు విడిగా పెట్టారు. మన దగ్గర 7 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా ఉన్నదాన్ని 40 మీటర్ల బ్యాండ్ అంటాం, 144 నుంచి 146 దాకా ఉన్నది 2 మీటర్ల బ్యాండ్, ఇలా ఇంకా చాలా ఉన్నాయి. డబ్బు కోసం వాడకూడదు, వ్యాపారం మాటలు మాట్లాడకూడదు, పాటలు వెయ్యకూడదు. నేర్చుకోవడానికి, ప్రయోగాలు చెయ్యడానికి, స్నేహానికి, అవసరం వస్తే సాయానికి వాడుకోవాలి.

ఎన్నేళ్ళకి లైసెన్స్ ఇస్తారు?

మన దేశంలో 12 ఏళ్ళు నిండాలి. అంటే ఆరో తరగతి చివర్లోనో ఏడులోనో ఉన్న పిల్ల రాయొచ్చు. అమెరికాలో అయితే కనీస వయసు అనేదే లేదు, పరీక్ష పాసైతే చాలు, అక్కడ ఎలిమెంటరీ స్కూల్ పిల్లలు కూడా లైసెన్స్ తెచ్చుకున్నారు.

మన దగ్గర రెండు రకాలున్నాయి, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్, జనరల్ గ్రేడ్. రెస్ట్రిక్టెడ్‌కి మోర్స్ అక్కర్లేదు. జనరల్‌కి నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపడం, వినడం రెండూ రావాలి. గాల్లో మనల్ని గుర్తుపట్టే పేరుని కాల్‌సైన్ అంటాం, రెస్ట్రిక్టెడ్ వాళ్ళది వీయూ3 తో, జనరల్ వాళ్ళది వీయూ2 తో మొదలవుతుంది, తర్వాత అక్షరాలు ఎవరివి వాళ్ళకే, ప్రపంచంలో ఇంకొకళ్ళకి అదే కాల్‌సైన్ ఉండదు. రాజీవ్ గాంధీ గారు హ్యామ్ అని చాలామందికి తెలియదు, ఆయనది వీయూ2ఆర్‌జీ.

సూటిగా చెప్పండి, పిల్లలకి ఇవ్వొచ్చా ఇవ్వకూడదా?

ఇవ్వాలండి. ఇవ్వొచ్చా అనే మాట కూడా నాకు చిన్నదిగా అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

మన ఇళ్ళల్లో పన్నెండేళ్ళ పిల్లలకి సొంతంగా ఏం ఉంటుందో ఒకసారి ఆలోచించండి. ఫోన్ ఇస్తాం కానీ అది మన పేరు మీద ఉంటుంది, స్కూల్ మనం ఎంచుకున్నదే, ఫౌండేషన్ కోర్స్ కూడా మనం కట్టిన ఫీజే, చివరికి పెద్దయ్యాక ఏం అవుతావురా అని చుట్టాలు అడిగితే జవాబు కూడా మనమే చెప్తాం. కాల్‌సైన్ మాత్రం పిల్లదే. ఆ కాల్‌సైన్ చెప్పి గాల్లోకి మాట వదిలితే, అటువైపు శ్రీలంకలోనో జపాన్‌లోనో అరవై ఏళ్ళాయన తిరిగి పలికి, నీ సిగ్నల్ ఇంత బాగా వస్తోంది, నీ యాంటెన్నా ఏంటి, ఎన్ని వాట్లు అని సాటి మనిషిని అడిగినట్టు అడుగుతాడు. వయసు ఎంత, ర్యాంక్ ఎంత, ఏ బ్రాంచ్ అని ఎవరూ అడగరు. ఆ నిమిషంలో పిల్ల ముఖం చూసినవాళ్ళకి ఈ ప్రశ్నకి జవాబు నేను చెప్పక్కర్లేదు.

మా అక్క కూతురు పోయినేడు మొదటిసారి మైకు పట్టుకున్నప్పుడు నోరు పెగల్లేదు. కాల్‌సైన్ రెండు అక్షరాలు చెప్పి ఆగిపోయింది. మావయ్యా నువ్వు మాట్లాడు అని మైకు నా చేతికి ఇవ్వబోయింది, నేను తీసుకోలేదు. అటువైపు ఉన్నది శ్రీలంక స్టేషన్, ఆయన ఎవరో నాకు ముఖపరిచయం లేదు, తొందర పెట్టకుండా టేక్ యువర్ టైమ్ అని చెప్పి ఆగాడు. నాలుగో సారికి పూర్తిగా చెప్పింది. ఆయన ఆ కాల్‌సైన్‌ని ఒక్కో అక్షరం మెల్లగా తిరిగి చదివాడు, వీకి విక్టర్, యూకి యూనిఫామ్, తర్వాత త్రీ అంటూ. ఆ రోజు, ఎవరితో మాట్లాడామో రాసుకునే లాగ్‌బుక్‌లో ఆ లైను రాయడానికి దానికి పది నిమిషాలు పట్టింది, అంత గుండ్రంగా రాసింది.

మరి అంత చిన్నవాళ్ళు గాల్లో అల్లరి చేస్తే? సీనియర్ హ్యామ్‌లే కొందరు వద్దంటారు కదా.

అంటారు, నేనూ విన్నాను. పిల్లలు బ్యాండ్ పాడు చేస్తారు, బటన్ నొక్కి పాటలు పాడతారు, డిసిప్లిన్ ఉండదు అని. నా ఇన్నేళ్ళ అనుభవంలో ఫ్రీక్వెన్సీ మీద గొడవ పడినవాళ్ళు, కావాలని అడ్డం వచ్చినవాళ్ళు, కాల్‌సైన్ చెప్పకుండా మాట్లాడినవాళ్ళు అందరూ మీసాలొచ్చినవాళ్ళే. పరీక్ష రాసి వచ్చిన పిల్ల అయితే రూల్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాటిస్తుంది, ఒక్కోసారి మనల్నే దిద్దుతుంది, అంకుల్ మీరు చివర్లో కాల్‌సైన్ చెప్పలేదు అని.

ఇక్కడ గీత గియ్యాల్సింది వయసు దగ్గర కాదు, పరీక్ష దగ్గర అని నా నమ్మకం. ఏ ఫ్రీక్వెన్సీలో ఉండాలో, ఎప్పుడు ఆగి వినాలో, ఏం మాట్లాడకూడదో తెలిసిందా లేదా అన్నది పరీక్ష తేలుస్తుంది. తెలిసిన పదేళ్ళ పిల్ల కంటే తెలియని నలభై ఏళ్ళాయన వల్లే బ్యాండ్‌కి ఎక్కువ ఇబ్బంది. అయినా రూల్ 12 అని ఉంది కాబట్టి 12 అంటే 12, అంతకంటే చిన్నవాళ్ళ చేత మా ఇంట్లో నేను మైకు పట్టించను.

మా బాబుకి తొమ్మిదేళ్ళే, మరి ఏం చెయ్యాలి?

వినిపించండి. నిజానికి అందరూ అక్కడే మొదలవ్వాలి. మాట్లాడాలనే ఆత్రం అందరికీ ఉంటుంది గానీ మంచి హ్యామ్‌కి ముందు చెవి తయారవ్వాలి, గోలలోంచి సన్నగా వచ్చే గొంతుని పట్టుకోవడం, మోర్స్‌లో ఒక్కో అక్షరాన్ని శబ్దంగా గుర్తుపట్టడం, ఇవి చిన్న వయసులో వచ్చినంత తేలిగ్గా తర్వాత రావు. సంగీతం నేర్పించే టీచర్లు చెప్పే మాటే ఇది.

లైసెన్స్ ఉన్నవాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టండి. అది కుదరకపోతే ఇంటర్నెట్‌లో వెబ్ఎస్‌డీఆర్ అని ఉంటాయి, ఎక్కడో నెదర్లాండ్స్ యూనివర్సిటీలో పెట్టిన రిసీవర్‌ని మీ ఇంట్లో కూర్చుని బ్రౌజర్లో తిప్పుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఇంట్లో షార్ట్‌వేవ్ ఉన్న పాత ట్రాన్సిస్టర్ ఉంటే ఇంకా మంచిది, రాత్రి పూట డాబా మీద పెట్టుకుని తిప్పితే పగలు వినపడని దేశాలు వినిపిస్తాయి. అదెందుకు నాన్నా అని అడిగితే చెప్పండి, మన నెత్తిన అయనోస్ఫియర్ అని పొరలున్నాయి, సూర్యుడు ఉన్నంతసేపు కింద పొర ఈ తరంగాలని మింగేస్తుంది, చీకటి పడ్డాక అది పలచబడిపోతుంది, అప్పుడు తరంగాలు పై పొరకి తగిలి వంగి చాలా దూరంలో దిగుతాయి. తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఇది కథలాగే అర్థమవుతుంది, పరీక్షలో ఇదే ప్రొపగేషన్ అనే పాఠం.

ఇంకొకటి, ఫాక్స్ హంటింగ్ అని ఆట ఉంది. లైసెన్స్ ఉన్న మనిషి చిన్న ట్రాన్స్‌మిటర్‌ని పొదలో దాచిపెడతాడు, పిల్లలు చేతి యాంటెన్నా తిప్పుతూ సిగ్నల్ ఏ దిక్కు నుంచి గట్టిగా వస్తుందో చూసుకుంటూ పరిగెత్తాలి. యాంటెన్నాని టేపు కొలబద్ద ముక్కలు, పీవీసీ పైపుతో చేసుకోవచ్చు. దగ్గరికొచ్చాక సిగ్నల్ ఎక్కువైపోయి దిక్కు తెలియదు, అప్పుడు సెట్‌ని గుండెకి ఆనించుకుని చుట్టూ తిరిగితే ఒంటి అడ్డం వల్ల వెనక వైపు తగ్గిపోతుంది, అలా కనిపెడతారు. భవానీ ద్వీపంలో ఒకసారి ఆడించాం, పెద్దవాళ్ళు వదల్లేదు.

పరీక్ష ఎలా ఉంటుంది? ఏడో తరగతి పిల్ల రాయగలదా?

రాయగలదు కానీ దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు భాగాలు, ఒకటి రేడియో థియరీ, రెండోది రూల్స్. థియరీలో కరెంట్, వోల్టేజ్, ఓమ్ సూత్రం, కెపాసిటర్లు, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, రిసీవర్ ఎలా పనిచేస్తుంది, ట్రాన్స్‌మిటర్ ఎలా, యాంటెన్నాలు, ప్రొపగేషన్ ఉంటాయి. మన స్కూళ్ళల్లో ఓమ్ సూత్రం పదో తరగతిలో వస్తుంది. మూడేళ్ళు ముందే నేర్చుకోవాలి కదా అని చాలామంది భయపడతారు, అయితే ఇక్కడ తేడా ఏంటంటే స్కూల్లో అది బోర్డు మీద గీసిన గీత, ఇక్కడ గవర్నర్‌పేట షాపులో కొన్న రెసిస్టర్ చేతిలో ఉంటుంది, 12 వోల్టులు ఇచ్చి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెడితే మీటర్ 12 మిల్లీయాంప్స్ చూపిస్తుంది, రెసిస్టర్ మార్చు, మళ్ళీ చూడు. మూడు ఆదివారాల్లో వచ్చేస్తుంది.

రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి ఒక్కో భాగంలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. ఇందులో పిల్లలకి కష్టమయ్యేది లెక్కలు కాదండి, రూల్స్ భాగంలో ఉండే ఇంగ్లీషు. పేపర్ తెలుగులో ఉండదు. తెలుగు మీడియంలో చదివే పిల్లలు వస్తే నేను రూల్స్ అన్నీ ముందు తెలుగులో చెప్పించుకుంటాను, అర్థమైంది అనిపించాకే ఇంగ్లీషు వాక్యం చూపిస్తాను, అప్పుడది బట్టీ అవ్వదు.

ఎంతకాలం పడుతుంది అంటే వారానికి ఒకసారి కూర్చుంటే ఆరు నెలలు అని చెప్తాను. నెలలో అయిపోవాలి అనేవాళ్ళకి నా దగ్గర మందు లేదు.

అప్లై ఎక్కడ చెయ్యాలి?

టెలికాం డిపార్ట్‌మెంట్‌లో డబ్ల్యూపీసీ అనే విభాగం చూస్తుంది. సరళ్ సంచార్ అనే పోర్టల్లో అప్లికేషన్ పెట్టాలి. ఫీజులు, సెంటర్, కావాల్సిన కాగితాలు ఆ రోజుకి అక్కడ ఏం రాసి ఉంటే అదే లెక్క, ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత పీడీఎఫ్ నమ్ముకుని వెళ్ళొద్దు. పిల్ల మైనర్ కాబట్టి కాగితాల పనిలో అమ్మానాన్నల్లో ఒకరు పక్కన ఉండాల్సిందే. చదువుకోడానికి మెటీరియల్, శిక్షణ కావాలంటే హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి ఈ పని మీదే ఉన్నారు.

పరీక్ష పాసవ్వడం ఒకటి, లైసెన్స్ కాగితం చేతికి రావడం ఇంకొకటి. మధ్యలో నెలలు పట్టొచ్చు. ఈ ఎదురుచూపుల్లోనే చాలామంది పిల్లలకి ఉత్సాహం చల్లారిపోతుంది, ఇది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే పెద్దవాళ్ళకి ఆరు నెలలు అంటే ఏమీ కాదు గానీ పన్నెండేళ్ళ పిల్లకి అది చాలా పెద్ద కాలం. ఆ గ్యాప్‌లో వినడం ఆపకండి, మోర్స్ మొదలుపెట్టించండి.

లైసెన్స్ రాకముందే ఆన్‌లైన్‌లో వాకీటాకీ కొనేయొచ్చా? రెండు మూడు వేలకే కనిపిస్తున్నాయి.

వద్దు. హ్యామ్ ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడే సెట్ లైసెన్స్ లేకుండా పెట్టుకోవడమే తప్పు, మాట్లాడటం ఇంకా పెద్ద తప్పు. అదీగాక ఆ చవక సెట్లు పోలీసులు, ఇతర సర్వీసులు వాడే ఫ్రీక్వెన్సీల్లోకి కూడా వెళ్ళిపోతాయి, పిల్లాడు ఆడుకుంటూ బటన్ నొక్కితే ఎవరికి అడ్డం వెళ్తుందో తెలియదు. ఆటకి కావాలంటే 446 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే, అనుమతి ఉన్న తక్కువ పవర్ సెట్లు ఉన్నాయి, 2018 నుంచి వాటికి లైసెన్స్ అక్కర్లేదు, కొనేటప్పుడు ఆ మాట అడిగి కొనండి.

తెలియని మనుషులతో మాట్లాడతారు కదా, ఆడపిల్ల, భయంగా ఉంటుంది.

ఈ ప్రశ్న అమ్మలు చివర్లో, గొంతు తగ్గించి అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

హ్యామ్‌లో రహస్యం అనేది లేదు. కోడ్ భాషలో మాట్లాడటం, మాటని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం నిషేధం. మీ పిల్ల ఎవరితో మాట్లాడినా ఆ బ్యాండ్ మీద ఉన్న వందమంది వింటూనే ఉంటారు, గదిలో మీరూ వింటూ ఉంటారు. ఎవరైనా తేడాగా మాట్లాడితే పక్కనుంచి వేరే హ్యామ్ వెంటనే అందుకుంటాడు, అది నేను విన్నాను. మన పిల్లల చేతిలో ఇప్పటికే ఉన్న ఫోన్ గేమ్స్‌లో చాట్ బాక్సులు చూడండి, అక్కడ అవతల ఎవరున్నారో తెలియదు, పేరు దొంగది, మాట్లాడింది ఎవరూ వినరు. రేడియోలో అవతలి మనిషి కాల్‌సైన్ వెనకాల ప్రభుత్వ రికార్డులో పేరు ఉంటుంది. ఈ రెండిట్లో ఏది ఎక్కువ భయపెట్టాలి?

అయినా జాగ్రత్తలు కావాలి, మా డాబా మీద నేను గట్టిగా పట్టుకునేవి ఇవి. ఊరు పేరు చెప్పొచ్చు, వీధి పేరు, స్కూల్ పేరు, ఏ టైంకి ఇంట్లో ఒంటరిగా ఉంటారో చెప్పకూడదు. ఎవరైనా వాట్సాప్ నంబర్ అడిగితే మా నాన్నని అడగండి అని చెప్పాలి, అడిగినవాళ్ళు మంచివాళ్ళైనా సరే. హ్యామ్‌లు పేజీలు పెట్టుకునే వెబ్‌సైట్లలో పిల్ల ఫొటో, ఇంటి అడ్రస్ పెట్టొద్దు, క్యూఎస్ఎల్ కార్డులు అంటే మాట్లాడినందుకు గుర్తుగా పంపుకునే పోస్ట్ కార్డులు, అవి నాన్న ఆఫీస్ అడ్రస్‌కి తెప్పించుకోండి. పదహారు వచ్చేదాకా సెట్ ఉన్న గది తలుపు తీసే ఉండాలి.

అసలు ప్రమాదం నన్నడిగితే మనుషుల వల్ల కంటే వైర్ల వల్ల ఎక్కువ.

అంటే షాక్ కొడుతుందా?

సెట్ 12 వోల్టులదే, దానితో భయం లేదు. యాంటెన్నా కట్టేటప్పుడే చూసుకోవాలి. మన ఊళ్ళో డాబాల పక్కనుంచి కరెంట్ తీగలు ఎంత దగ్గరగా పోతాయో మీకు తెలుసు. 40 మీటర్ల బ్యాండ్‌కి డైపోల్ అనే తీగ యాంటెన్నా కట్టాలంటే మొత్తం 20 మీటర్ల తీగ, చెరోవైపు పది పది, అది జారి కరెంట్ తీగ మీద పడిందంటే ఇక చెప్పేదేముంది. కాబట్టి రూల్ ఒకటే, యాంటెన్నా ఎక్కించేది దించేది పెద్దవాళ్ళు, పిల్లలు కింద నిలబడి కొలతలు చూస్తారు. ఎటు పడినా తీగకి తగలని చోటే కట్టాలి. మే నెల సాయంత్రాల్లో ఈదురుగాలి, ఉరుములు మొదలైతే కేబుల్ పీకేసి కిందకి వచ్చెయ్యాలి, ఎంత మంచి కాంటాక్ట్ మధ్యలో ఉన్నా సరే. సాల్డరింగ్ ఐరన్ దగ్గర పెద్దవాళ్ళుండాలి, కళ్ళజోడు పెట్టుకోవాలి. ట్రాన్స్‌మిట్ చేస్తున్నప్పుడు యాంటెన్నా ముట్టుకోకూడదు, చురుక్కుమని కాలుతుంది.

మాది అపార్ట్‌మెంట్, అసోసియేషన్ ఒప్పుకోదు.

పిల్లనే పంపించి మాట్లాడించండి. నిజంగా చెప్తున్నాను. పటమటలో ఒక అబ్బాయి సెక్రటరీ గారి దగ్గరికి తనే కాగితం మీద బొమ్మ గీసుకుని వెళ్ళాడు, సన్నటి తీగే అంకుల్, ట్యాంక్ పక్కన కడతాం, మీ టీవీకి అడ్డం వస్తే ఆపేస్తాను, నా నంబర్ ఇదీ అని చెప్పాడు. వాళ్ళ నాన్న అడిగినప్పుడు కుదరదన్న మనిషే ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే 2 మీటర్లకి అరమీటరు కూడా లేని యాంటెన్నా చాలు, బాల్కనీలో పెట్టుకోవచ్చు.

దూరం సంగతి మాత్రం ముందే చెప్పాలి, చేతిలో పట్టుకునే 5 వాట్ల సెట్‌తో బెజవాడ వీధిలో నిలబడి గుంటూరు బ్రాడీపేటలో ఉన్న ఫ్రెండ్‌ని అందుకోవడం కష్టం, మధ్యలో బిల్డింగులు, కొండలు. అదే సెట్ పట్టుకుని ఇద్దరిలో ఒకళ్ళు మంగళగిరి కొండ ఎక్కితే రెండూళ్ళూ పలుకుతాయి. ఎత్తు విలువ ఏంటో పిల్లలకి ఆ ఒక్క ట్రిప్పులో తెలిసిపోతుంది.

ఐఐటీకి, సీట్లకి ఏమైనా ఉపయోగపడుతుందా?

సర్టిఫికెట్ వల్ల మార్కులు కలవవు, ర్యాంక్ రాదు. ఫిజిక్స్ మీద భయం పోతుంది, అది నేను చూశాను. అంతకుమించి నేను మాట ఇవ్వను.

ఈ ప్రశ్నతో పాటే ఇంకొకటి వస్తుంది, జిల్లాలో అందరికంటే చిన్న వయసులో లైసెన్స్ తెచ్చుకున్న రికార్డ్ మావాడిది అవుతుందా అని. పన్నెండు నిండిన మర్నాడే పరీక్ష రాయించాలని, క్వశ్చన్ బ్యాంక్ అంతా బట్టీ పట్టించి తీసుకొచ్చినవాళ్ళున్నారు. ఆ పిల్లాడు పాసయ్యాడు, ఫొటోలు వచ్చాయి, శాలువా కప్పారు, ఆ తర్వాత ఒక్కసారి కూడా గాల్లోకి రాలేదు. సెట్ ఎలా ఆన్ చెయ్యాలో కూడా తెలియదు పాపం. పిల్లలకి లైసెన్స్ వద్దు అనేవాళ్ళకి మనమే ఇలా ఆయుధం ఇస్తున్నాం. దయచేసి మీ పిల్లకి ఇష్టం ఉందో లేదో రెండు నెలలు చూడండి. ఆదివారం పొద్దున మీరు లేపకుండా తనే లేచి చెప్పులేసుకుంటే ఇష్టం ఉన్నట్టు.

తుఫాన్లు, వరదలప్పుడు హ్యామ్‌లు పనికొస్తారంటారు, పిల్లల్ని కూడా పంపాల్సి వస్తుందా?

లేదు, ఎవరూ పంపరు, పంపకూడదు కూడా.

కానీ ఈ కోణం మన కృష్ణా గుంటూరు వాళ్ళకి దగ్గరిది. 1977 నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది, పదివేల మంది పైనే పోయారు, మా పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ సంవత్సరం పేరు చెప్తే మాట ఆపేస్తారు. మొన్న 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్ళల్లో ఉన్నప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వెళ్తున్నప్పుడు, అజిత్‌సింగ్ నగర్‌లో ఉన్న మా బంధువుల ఫోన్ చార్జింగ్ అయిపోయి రెండు రోజులు వాళ్ళు ఉన్నారో లేరో తెలియలేదు. కరెంట్ లేదు, ఫోన్ లేదు. ఆ రెండు రోజులు నేను పడింది చెప్పలేను. బైక్ బ్యాటరీ ఒకటి, చిన్న సెట్ ఒకటి మేడ మీద ఉండుంటే ఒక్క ముక్క చెప్పి ఉండేవాళ్ళు, బాగానే ఉన్నాం అని.

2004 డిసెంబర్‌లో భారతి ప్రసాద్ గారనే హ్యామ్ ఒక టీమ్‌తో అండమాన్ వెళ్ళారు, అక్కడి నుంచి ప్రపంచంలో హ్యామ్‌లందరితో మాట్లాడాలన్నది వాళ్ళ ప్లాన్. 26న సునామీ వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఫోన్లు పోయాయి, ఆవిడ సెట్ పనిచేసింది. సరదాగా మాట్లాడుకోవడానికి పట్టుకెళ్ళిన అదే సెట్ మీద అక్కడి వాళ్ళ క్షేమ సమాచారాలు ఇవతలికి పంపారు. పిల్లలకి నేను ఇది చెప్పేటప్పుడు ఒక్కమాట కలుపుతాను, ఆ రోజు ఆవిడ కొత్తగా ఏమీ నేర్చుకోలేదు, రోజూ చేసేదే చేశారు. ఇంట్లో ఉన్న పిల్ల కూడా అలాంటి రోజున చెయ్యగలిగింది ఉంది, ఫ్రీక్వెన్సీ మీద మౌనంగా ఉండి, వింటూ, వచ్చిన ప్రతి మెసేజ్ టైం వేసి రాసిపెట్టడం. అది చిన్న పని కాదు.

పిల్లలకి బోర్ కొట్టకుండా ఏం ఉంటుంది ఇందులో?

ఆకాశంలోంచి మాట వస్తుందండి! అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో హ్యామ్ స్టేషన్ ఉంది, 145.800 మెగాహెర్ట్జ్ మీద వినొచ్చు. 400 కిలోమీటర్ల ఎత్తులో మన మీదుగా పోయేది దాదాపు పది నిమిషాలే, ఆ పది నిమిషాలకి మా పిల్లలు గంట ముందు నుంచి రెడీ అవుతారు. వస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ కాస్త ఎక్కువగా, పోతున్నప్పుడు కాస్త తక్కువగా అందుతుంది, అంబులెన్స్ సైరన్ దగ్గరకొచ్చి దాటిపోయినట్టు, డాప్లర్ అంటే ఏంటో ఇంక పుస్తకం తెరవక్కర్లేదు. ఒక్కోసారి అక్కణ్ణుంచి బొమ్మలు పంపుతారు, కుయ్ కుయ్ మనే శబ్దాన్ని ఫోన్‌లో యాప్‌కి వినిపిస్తే గీత గీతగా ఫొటో తయారవుతుంది. 2025 జూలైలో శుభాంశు శుక్లా గారు అక్కడి నుంచి బెంగళూరు ఇస్రో సెంటర్లో ఉన్న పిల్లలతో మాట్లాడింది కూడా హ్యామ్ రేడియోలోనే. మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న హ్యామ్‌శాట్ అని కేవలం హ్యామ్‌ల కోసం ఒక ఉపగ్రహాన్ని పంపింది ఇస్రో, తొమ్మిదేళ్ళు పనిచేసింది అది.

మోర్స్ ఇంకా ఎందుకు? టెలిగ్రామే పోయింది కదా.

గొంతు అందని చోట మోర్స్ అందుతుంది, తక్కువ పవర్‌తో చాలా దూరం పోతుంది. పిల్లలకైతే అది రహస్య భాషలా అనిపిస్తుంది, కాకపోతే లోకంలో అందరికీ తెలిసిన రహస్యం. చుక్కలు గీతలు కాగితం మీద చూపించి నేర్పొద్దు, శబ్దంతోనే నేర్పండి.

ఖర్చు ఎంతవుతుంది?

వినడానికి ఏమీ కాదు. లైసెన్స్ వచ్చాక చేతి సెట్ కొన్ని వేలు. దూరదేశాలతో మాట్లాడే సెట్లు కొత్తవి చాలా ఖరీదు, సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్ దొరుకుతాయి, పిల్ల అని తెలిస్తే చాలామంది తగ్గించి ఇస్తారు, కొందరు ఊరికే ఇచ్చేస్తారు. పుస్తకాలకి లెనిన్ సెంటర్లో పాత ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు వెతకండి.

సరే, ఈ ఆదివారం తీసుకొస్తే ఏం తెచ్చుకోవాలి?

గీతల నోట్‌బుక్ ఒకటి, పెన్సిల్, టోపీ, మంచినీళ్ళ సీసా. ఏడింటికల్లా రండి, అప్పుడు 40 మీటర్ల మీద మన దేశంలో హ్యామ్‌లు చాలామంది ఉంటారు, ఎండ ఎక్కాక డాబా మీద నిలబడలేం. ఫోన్ కింద మా అమ్మ దగ్గర ఇచ్చి రావాలి పిల్లలు. మొదటి రోజు వినడమే, వినపడిన కాల్‌సైన్లు నోట్‌బుక్‌లో రాసుకోవడమే. మీరూ ఉండొచ్చు, కుర్చీలు ఉన్నాయి.